జపాన్ పాత రుతు క్యాలెండర్‌తో వసంతం రాకను గమనించడం ఎలా

ఫిబ్రవరి మొదటి వారం వచ్చిందంటే చాలు, జపాన్‌లో ఉంటున్న మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "టీవీలో ఈ రోజు నుంచి వసంతం అంటున్నారు, బయటికెళ్తే వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఇదెక్కడి వసంతమండీ?" దాని వెనకాలే రెండోది, ఊరి నుంచి అమ్మానాన్నల్ని రప్పించుకునేవాళ్లది: "సకురా, అదే చెర్రీ పూలు, ఏ తేదీకి పూస్తాయో ఆ పాత క్యాలెండర్ చూసి చెప్పగలరా, టికెట్లు తీయాలి." ఎవరికి వాళ్లకి విడిగా చెప్పే బదులు పద్ధతి మొత్తం ఒకచోట రాస్తే మీరే చేసుకోవచ్చు కదా అని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ క్యాలెండర్ వాతావరణ సూచన కాదు. ఫలానా రోజున ఫలానా పువ్వు పూస్తుందని హామీ ఇవ్వదు. ఈ ఐదు రోజులూ మట్టిని చూడండి, ఈ ఐదు రోజులూ పొదల దగ్గర నిలబడి వినండి అని చెప్తుంది, అంతే. అలా వాడుకుంటే ఇంత మంచి పనిముట్టు ఇంకోటి లేదు. తేదీల పట్టిక అనుకుని నమ్ముకుంటే మాత్రం ఏటా నిరాశే.

కాస్త లెక్క

జపాన్ సంప్రదాయంలో సంవత్సరాన్ని 24 భాగాలు చేశారు. ఒక్కోటి సుమారు 15 రోజులు, దాన్ని సెక్కి అంటారు. ఒక్కో సెక్కిని మళ్లీ మూడు చేస్తే ఐదేసి రోజుల 'కో' వస్తుంది, మొత్తం 72. ఇదంతా సూర్యుడి లెక్క. సూర్యుడి సాయన రేఖాంశం, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే బిందువు నుంచి కొలిచే కోణం, 315 డిగ్రీలకు వస్తే రిష్షున్, అంటే వసంతం మొదలు. 330కి ఉసుయి, 345కి కేచిత్సు, 0కి షున్‌బున్, అంటే పగలూ రాత్రీ ఇంచుమించు సమానమయ్యే రోజు. 15కి సేమే, 30కి కొకూ. 45కి వచ్చే రిక్కాతో వేసవి మొదలవుతుంది.

పద్ధతి చైనా నుంచి వచ్చింది. 1685లో అమల్లోకి వచ్చిన జోక్యో క్యాలెండర్‌ను తయారుచేసిన షిబుకవ షున్‌కై అనే ఖగోళవేత్త ఆ 72 కోలను జపాన్ వాతావరణానికి తగ్గట్టు మార్చి రాశాడు. ఇప్పుడు పుస్తకాల్లో, యాప్‌లలో ఎక్కువగా కనిపించేది 1874 నాటి ప్రభుత్వ క్యాలెండర్‌లోని జాబితా. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే పని నడుస్తుంది.

ఏమేం కావాలి

- ఈ ఏటి సెక్కి తేదీలు.
- 72 కోల జాబితా, అందులో వసంతానికి చెందినవి మొదటి 18.
- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ ఫోటోలు మాత్రమే తీసి వదిలేస్తే ఏడాది తర్వాత ఏది ఎక్కడ తీశారో మీకే గుర్తుండదు.
- రోజూ లేదా రెండు రోజులకోసారి నడిచి వెళ్లగలిగే ఒక చోటు. కాస్త మట్టి, కొన్ని పొదలు, రెండు మూడు చెట్లు ఉంటే చాలు.
- జపాన్ వాతావరణ సంస్థ వెబ్‌సైట్‌లో మీ ఊరి రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతలు.
- మాస్క్. జపనీస్ సీడార్ అని పిలిచే సుగి చెట్ల పుప్పొడి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలిలో ఉంటుంది, అది పడనివాళ్లకి వసంతం అంటేనే భయం. వాన పడిన మర్నాడు ఎండా గాలీ కలిసి వస్తే ఆ రోజు పుప్పొడి చాలా ఎక్కువ. వాన కురుస్తున్నప్పుడో, వెలిసిన వెంటనేనో వెళ్లిరండి.

1. తేదీలు సరిచూసుకోండి

జపాన్ జాతీయ ఖగోళ పరిశోధనాలయం ప్రతి ఫిబ్రవరి మొదట్లో వచ్చే ఏడాది సెక్కి తేదీలను ప్రకటిస్తుంది, అవి ప్రభుత్వ గెజిట్‌లో అచ్చవుతాయి. ఇంకెక్కడి నుంచి తీసుకున్నా చివరికి దీనితో పోల్చుకోండి. 2026కి తేదీలివి: రిష్షున్ ఫిబ్రవరి 4, ఉసుయి ఫిబ్రవరి 19, కేచిత్సు మార్చి 5, షున్‌బున్ మార్చి 20, సేమే ఏప్రిల్ 5, కొకూ ఏప్రిల్ 20, రిక్కా మే 5.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, పోయినేటి తేదీలనే ఈ ఏడూ వాడేయడం. రిష్షున్ ఎప్పుడూ ఫిబ్రవరి 4నే అనుకుంటారు. 2021లోనూ 2025లోనూ 3న వచ్చింది, దాంతో ముందు రోజు చేసుకునే సెత్సుబున్ పండుగ 2కి జరిగింది. 2021కి ముందు సెత్సుబున్ 2న వచ్చింది 124 ఏళ్ల కిందట, 1897లో. అందుకే అప్పుడు జపాన్‌వాళ్లే చాలామంది తడబడ్డారు.

రెండో తప్పు, విదేశీ వెబ్‌సైట్ల నుంచి తేదీ తీసుకోవడం. 2027లో విషువత్తు, అంటే షున్‌బున్ క్షణం, జపాన్ సమయం ప్రకారం మార్చి 21 ఉదయం వస్తుంది, అదే క్షణానికి అమెరికాలో ఇంకా 20వ తేదీ. షున్‌బున్ జాతీయ సెలవు కూడా కాబట్టి ఆఫీసు లీవులు, రైలు టికెట్లు దాని చుట్టూ ప్లాన్ చేసుకునేవాళ్లు జపాన్ తేదీనే చూసుకోండి.

2. మన పంచాంగంతో కలిపేయకండి

పాత క్యాలెండర్ అనగానే చాలామంది తిథుల లెక్క అనుకుంటారు. జపాన్ 1872 చివరిదాకా వాడింది చాంద్రసౌరమాన క్యాలెండరే, 1873 జనవరి 1 నుంచి ఇప్పటి క్యాలెండర్‌కి మారింది. కానీ ఆ పాత పద్ధతిలో కూడా సెక్కిలు సూర్యుడివే. అందుకే అవి ఏటా ఒకటి రెండు రోజుల తేడాలోనే ఉంటాయి. పోల్చి చూడండి: మన ఉగాది 2026లో మార్చి 19న, 2027లో ఏప్రిల్ 7న. షున్‌బున్ మాత్రం 20, 21.

అలాగని మన సంక్రాంతులకీ వీటికీ ముడిపెట్టలేం. మనవి కూడా సూర్యుడివే అయినా నిరయన లెక్క, నక్షత్రాల ఆధారంగా. వాళ్లది సాయన లెక్క. షున్‌బున్ అంటే సాయన మేష సంక్రమణం. మన పంచాంగంలో మేష సంక్రమణం ఏప్రిల్ 14 దగ్గర వస్తుంది. ఆ తేడా దగ్గరే చాలామంది గందరగోళపడుతున్నారు.

వసంతం ముందే ఎందుకు వచ్చేసిందన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. డిసెంబర్ చివర పగలు అన్నిటికన్నా తక్కువ, మార్చి చివర పగలూ రాత్రీ సమానం, ఈ రెంటికీ సరిగ్గా నడిమి బిందువు రిష్షున్. వెలుతురు పెరగడం స్పష్టంగా తెలిసేది అప్పటి నుంచే. నేల, సముద్రం వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది, అందుకే చలి అలాగే ఉంటుంది. సాయంత్రం ఐదింటికి ఆకాశం చూడండి, డిసెంబర్‌కీ ఇప్పటికీ తేడా కనిపిస్తుంది. మీ నోట్‌బుక్‌లో మొదటి ఎంట్రీ అదే కావచ్చు.

3. మీ దగ్గరున్న జాబితా జపాన్‌దేనా చూడండి

ఒక చిన్న పరీక్ష. కేచిత్సు మూడో కోలో ఏముందో చూడండి. ఆకుపురుగు సీతాకోకచిలుక అవుతుంది అని ఉంటే అది జపాన్ జాబితా. డేగ పావురంగా మారుతుంది అని ఉంటే అది చైనా పాత జాబితా, మీరు గమనించడానికి పనికిరాదు. కొన్ని యాప్‌లలో రెండూ కలగలిసి ఉంటాయి.

వసంతం 18 కోలు క్లుప్తంగా ఇవి, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ.

- ఫిబ్రవరి 4 నుంచి: తూర్పుగాలి మంచుగడ్డను కరిగిస్తుంది.
- ఫిబ్రవరి 9 నుంచి: ఉగుయిసు పిట్ట కూత మొదలుపెడుతుంది.
- ఫిబ్రవరి 14 నుంచి: పగిలిన మంచు మధ్య నుంచి చేపలు ఎగురుతాయి.
- ఫిబ్రవరి 19 నుంచి: వానకు మట్టి తడిసి మెత్తబడుతుంది.
- ఫిబ్రవరి 24 నుంచి: దూరాన పల్చటి మంచుతెర కమ్ముతుంది.
- మార్చి 1 నుంచి: గడ్డీ చెట్లూ చిగురు వేస్తాయి.
- మార్చి 6 నుంచి: నేలలో దాక్కున్న పురుగులు బయటికొస్తాయి.
- మార్చి 11 నుంచి: మొమొ, అంటే పీచ్ చెట్టు, పూయడం మొదలు.
- మార్చి 16 నుంచి: ఆకుపురుగు సీతాకోకచిలుక అవుతుంది.
- మార్చి 21 నుంచి: పిచ్చుక గూడు కట్టడం మొదలుపెడుతుంది.
- మార్చి 26 నుంచి: సకురా విచ్చుకోవడం మొదలు.
- మార్చి 31 నుంచి: ఉరుము వినిపిస్తుంది.
- ఏప్రిల్ 5 నుంచి: వానకోయిల వస్తుంది.
- ఏప్రిల్ 10 నుంచి: అడవి పెద్దబాతులు ఉత్తరానికి తిరిగి వెళ్తాయి.
- ఏప్రిల్ 15 నుంచి: ఇంద్రధనుస్సు కనిపిస్తుంది.
- ఏప్రిల్ 20 నుంచి: రెల్లు మొలకెత్తుతుంది.
- ఏప్రిల్ 25 నుంచి: నేల మీద మంచు గడ్డకట్టడం ఆగి నారు ఎదుగుతుంది.
- ఏప్రిల్ 30 నుంచి: బోటన్, అంటే పియొనీ పువ్వు, విచ్చుకుంటుంది.

ఈ జాబితా క్యోటో, పాత ఎదో, అంటే ఇప్పటి టోక్యో, ఆ చుట్టుపక్కల వాతావరణానికి దగ్గర. ఉత్తరాన సప్పోరోలో ఉండేవాళ్లు ఇందులో చాలావాటికి నెల, అంతకన్నా ఎక్కువే కలుపుకోవాలి. దక్షిణాన ఒకినావాలో అయితే లెక్కే వేరు, అక్కడి కన్‌హిజకురా అనే ముదురు గులాబీ రంగు సకురా రకం జనవరిలోనే పూసేస్తుంది.

4. ఒకే చోటు ఎంచుకోండి

పెద్ద పేరున్న తోటలకి రెండుసార్లు వెళ్లడం కన్నా ఇంటి పక్క కాలువగట్టుకి ఇరవైసార్లు వెళ్లడం మేలు. టోక్యో ఎదొగావా వార్డులో నిషి కసాయి చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి నదిగట్లు, కసాయి రింకాయి పార్కు దగ్గరే. అపార్ట్‌మెంట్ బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లు కనిపించే ఒక్క చెట్టును ఎంచుకుని దాన్నే చూడండి, అదీ సరిపోతుంది.

రాసే పద్ధతి: తేదీ, ఏ కో, చోటు, ఏం చూశారు, ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత. ఏమీ కనిపించకపోతే "కనిపించలేదు" అనే రాయండి. ఇది చాలా ముఖ్యం. ఖాళీగా వదిలేస్తే, మీరు ఆ రోజు వెళ్లలేదా, వెళ్లినా కనిపించలేదా అన్నది తర్వాత తేలదు.

5. సెత్సుబున్ సాయంత్రం

రిష్షున్‌కి ముందు రోజు సాయంత్రం వేయించిన సోయా గింజలు చల్లి, "ఓని వా సోతో, ఫుకు వా ఉచి" అంటారు, దెయ్యాలు బయటికి, అదృష్టం లోపలికి అని. ఆ తర్వాత వయసుకి తగినన్ని గింజలు తింటారు, కొన్నిచోట్ల ఒకటి కలుపుకుని.

గింజలు తప్పనిసరిగా వేయించినవే వాడాలి. పచ్చివి చల్లితే ఎక్కడో మూల పడి మొలకెత్తుతాయి, అది అశుభమని నమ్మకం. సూపర్‌మార్కెట్‌లో ఫుకుమమె పేరుతో జనవరి నుంచే దొరుకుతాయి. ఇంట్లో చేసుకోవాలంటే సోయా గింజల్ని కొన్ని గంటలు నానబెట్టి, నీళ్లు వంపి, బట్టతో తుడిచి, సన్నసెగ మీద తొక్క పగిలి కరకరలాడేదాకా కదుపుతూ వేయించండి. కొరికి చూస్తే లోపల మెత్తగా ఉందా, ఇంకా అవ్వలేదన్నమాట. ఉత్తరాన హొక్కైదో, తొహొకు వైపు పొట్టుతో ఉన్న వేరుశనగకాయలు చల్లుతారు, ఏరుకోవడం తేలిక కాబట్టి నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. కింది ఫ్లాట్‌వాళ్లకి ఇబ్బంది అవుతుందనుకుంటే చిన్న ప్యాకెట్లలో ఉన్నవి అలాగే విసరండి.

హెచ్చరిక: ఐదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి గట్టి గింజలు, పప్పులు పెట్టొద్దని జపాన్ వినియోగదారుల వ్యవహారాల ఏజెన్సీ చెప్తోంది, ముక్క ఊపిరిగొట్టంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. చల్లడం అయ్యాక వెంటనే నేల ఊడ్చేయండి, పాకే పిల్లలుంటే మరీ.

ఎహోమాకి అనే పొడుగాటి సుషీ చుట్టను మాట్లాడకుండా ఒక దిక్కుకి తిరిగి తినడం ఒసాకా వైపు అలవాటు, తర్వాత దేశమంతా పాకింది. దిక్కు ఏడాది చివరి అంకెను బట్టి ఉంటుంది: 4, 9 అయితే తూర్పు ఈశాన్యం. 0, 5 అయితే పడమర నైరుతి. 2, 7 అయితే ఉత్తర వాయవ్యం. మిగతావి, అంటే 1, 3, 6, 8 అయితే దక్షిణ ఆగ్నేయం. 2026 చివరి అంకె 6, కాబట్టి దక్షిణ ఆగ్నేయం, దిక్సూచిలో 165 డిగ్రీల దగ్గర. ఫోన్ దిక్సూచి వాడితే అయస్కాంతం ఉన్న కవర్ తీసేయండి, లేకపోతే తప్పు చూపిస్తుంది. శాకాహారులు కీరా, క్యారెట్, పుట్టగొడుగు, వేయించిన టోఫు పెట్టి ఇంట్లోనే చుట్టుకోవచ్చు. టైం లేకపోతే సుషీ మానేయండి, గింజలు మాత్రం మానొద్దు.

6. ఫిబ్రవరి: గాలి, పిట్ట, మట్టి

రిష్షున్‌కీ షున్‌బున్‌కీ మధ్య మొదటిసారి వీచే బలమైన దక్షిణపు గాలిని హరు ఇచిబన్ అంటారు. వాతావరణ సంస్థ ప్రాంతాలవారీగా దాన్ని ప్రకటిస్తుంది, కొన్ని ఏళ్లు కొన్ని ప్రాంతాల్లో ప్రకటనే ఉండదు. హొక్కైదో, తొహొకు, ఒకినావాలకి ఈ ప్రకటన లేదు కాబట్టి అక్కడివాళ్లు ఎదురుచూడొద్దు. పేరు విని హాయిగా ఉండే గాలి అనుకోకండి, సైకిళ్లు పడిపోతాయి, బాల్కనీలో బట్టలు ఎగిరిపోతాయి. ఇంకో తప్పు, ఆ వెచ్చదనం చూసి చలికోట్లు మూట కట్టేయడం. చాలాసార్లు మర్నాటికే చలి తిరగబడుతుంది, జపాన్‌వాళ్లు దానికి పేరే పెట్టుకున్నారు, కాన్ నో మొదొరి అని. షున్‌బున్‌తో కలిపి అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఏడు రోజులు హిగాన్, చలైనా ఎండైనా హిగాన్ దాకానే అని సామెత. కోట్లు అప్పటిదాకా ఉంచుకోండి.

ఉగుయిసు దగ్గర దాదాపు అందరూ పొరబడతారు. ఉమె, అంటే జపాన్ ఆప్రికాట్, పూల మీద ఆకుపచ్చటి చిన్న పిట్ట కనిపించగానే ఫోటో తీసి ఉగుయిసు అని పెట్టేస్తారు. కంటి చుట్టూ తెల్లటి రింగు ఉందా? అయితే అది మెజిరో, పూలతేనె కోసం వచ్చింది. ఉగుయిసు రంగు మట్టిగోధుమ కలిసిన మసకపచ్చ, పొదల లోపల తిరుగుతుంది, మీకు కనిపించడం కష్టం. కాబట్టి కళ్లతో కాదు, చెవులతో పట్టుకోండి: హో, హొకెక్యో అని సాగదీసి కూస్తుంది. మొదట్లో కూత తడబడుతూ సగంలో ఆగిపోతుంటుంది, అదీ లెక్కే, రాసుకోండి.

మట్టిని చూడటం సులువు, ఎవరూ చేయరు. వాన పడిన మర్నాడు ఒకే చోట వేలితో నొక్కండి. జనవరిలో గట్టిగా ఉన్నది ఉసుయి నాటికి లోపలికి దిగుతుందా లేదా అన్నది చాలు.

మంచుతెర కో దగ్గర జాగ్రత్త. ఫిబ్రవరి చివర, మార్చిలో దూరపు కొండలు మసకగా కనిపిస్తే అది ప్రతిసారీ తేమ కాదు. చైనా, మంగోలియా వైపు నుంచి వచ్చే పసుపు దుమ్ము కావచ్చు, దాన్ని కోసా అంటారు. కారు అద్దం మీద పసుపు పొడి ఉందేమో చూడండి, వాతావరణ సంస్థ కోసా సమాచారంతో పోల్చండి, అప్పుడే రాయండి.

ఈ రోజుల్లో ఫుకినోతో అనే చేదు మొగ్గలు దొరుకుతాయి, తెంపురా చేస్తే మన కాకరకాయ ఇష్టపడేవాళ్లకి తప్పక నచ్చుతుంది. కానీ కొండల్లో మీరే కోయకండి. అచ్చం అలాగే కనిపించే విషపు మొలకలున్నాయి, పొరబడి తిని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. దుకాణంలో కొనుక్కోండి.

7. మార్చి: మూడు పూలను వేరు చేయడం, 600 డిగ్రీల లెక్క

ఉమె, మొమొ, సకురా మూడూ గులాబీ రంగులోనో తెల్లగానో ఉంటాయి, మూడూ ఆకుల కన్నా ముందో ఆకులతోనో పూస్తాయి. వేరు చేసే పద్ధతి:

- పువ్వు కాడ చూడండి. కొమ్మకి అతుక్కున్నట్టు కాడ లేకుండా, కణుపుకి ఒకటే ఉంటే ఉమె. పొట్టి కాడతో కణుపుకి రెండుంటే మొమొ. పొడుగాటి కాడలతో గుత్తిగా వేలాడితే సకురా.
- రేక చివర చూడండి. గుండ్రంగా ఉంటే ఉమె, మొనదేలి ఉంటే మొమొ, చిన్న నొక్కుతో చీలి ఉంటే సకురా.
- బెరడు చూడండి. అడ్డగీతలుంటే సకురా.
- వాసన చూడండి. దూరం నుంచే తీయటి వాసన వస్తే ఉమె.

ఫిబ్రవరిలోనే "సకురా పూసింది" అని కనిపిస్తే అది చాలావరకు కవజుజకురా అనే ముందుగా పూసే రకం, ఇజు ద్వీపకల్పంలోని కవజు ఊరు దీనికి ప్రసిద్ధి. అందంగా ఉంటుంది, కానీ మార్చి 26 కోలో చెప్పిన సకురాగా దాన్ని నమోదు చేయకండి. అలాగే మార్చి 3 బొమ్మల పండుగకి దుకాణాల్లో అమ్మే మొమొ కొమ్మలు వెచ్చటి గదుల్లో ముందుగా పూయించినవి. ఆ పండుగ పాత క్యాలెండర్‌లో మూడో నెల మూడో రోజు, అంటే ఇప్పటి మార్చి చివర నుంచి ఏప్రిల్ ఇరవై దాటేదాకా ఎప్పుడైనా వచ్చేది, అప్పుడు బయట మొమొ పూసే ఉండేది. తేదీని కొత్త క్యాలెండర్‌లోకి అలాగే తీసుకొచ్చారు, చెట్టు మాత్రం తన టైంకే పూస్తోంది.

ఇక టికెట్లవాళ్ల ప్రశ్న. టోక్యోకి ఒక పాత లెక్క ఉంది: ఫిబ్రవరి 1 నుంచి ప్రతిరోజూ గరిష్ఠ ఉష్ణోగ్రతను కలుపుతూ పోండి, మొత్తం 600 దాటే నాటికి సొమెయి యొషినో, అంటే ఎక్కువగా కనిపించే సకురా రకం, విచ్చుకుంటుంది. ఫిబ్రవరిలో సగటున రోజుకి సుమారు 11 డిగ్రీలు, అంటే నెలాఖరుకి 308. మార్చిలో సగటు 14 అనుకుంటే మిగతా 292కి 21 రోజులు, కాబట్టి మార్చి 21 దగ్గర. టోక్యోలో 1991 నుంచి 2020 దాకా సగటు తేదీ మార్చి 24. ఉజ్జాయింపు లెక్కకి ఇంత దగ్గరగా రావడం బాగానే ఉంది. మార్చి 10 దాకా నిజమైన అంకెలు కలిపి, మిగతా రోజులకి వాతావరణ సూచన అంకెలు వేసుకుంటే వారం ముందే మీకో అంచనా వస్తుంది.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది? చెట్టు నిద్ర లేవాలంటే ముందు చలికాలంలో సరిపడా చలి తగలాలి. మరీ వెచ్చటి చలికాలమైతే దక్షిణ క్యూషూ లాంటి చోట్ల పూత ఆలస్యమవుతుంది. ఇంకోటి, టోక్యోలో కూడా ఏటికేడు తేడా పెద్దదే: 2020, 2021, 2023లలో మార్చి 14నే పూసింది, 2024లో 29 దాకా ఆగింది. అందుకే పెద్దవాళ్లని తీసుకొచ్చేవాళ్లకి నా సలహా, ఒక్క ఊరికి, ఒక్క తేదీకి కట్టుబడకండి. సగటున క్యోటో మార్చి 26, సెందాయి ఏప్రిల్ 8, అవొమొరి ఏప్రిల్ 22, సప్పోరో మే 1. టోక్యోలో పూత అయిపోతే రైలెక్కి ఉత్తరానికి వెళ్లొచ్చు.

"పూసింది" అని అధికారికంగా అనేది ఎప్పుడంటే, ఎంపిక చేసిన ఒక చెట్టు మీద ఐదారు పూలు విచ్చుకున్నప్పుడు. టోక్యోకి ఆ చెట్టు యాసుకుని ఆలయంలో ఉంది. మీ చెట్టుకీ ఇదే కొలత పెట్టుకోండి, ఒక్క పువ్వు చూసి రాసేయకండి. సుమారు 80 శాతం విచ్చుకుంటే నిండుపూత, టోక్యోలో అది మామూలుగా మరో వారానికి వస్తుంది. ప్రయాణం పెట్టుకోవాల్సింది ఆ నిండుపూత చుట్టూ. కొమ్మలు వంచడం, విరవడం వద్దు, సకురా గాయాన్ని తట్టుకోలేదు, ఆ చోటు నుంచే కుళ్లుతుంది.

8. ఏప్రిల్, మే మొదలు

వానకోయిల, అంటే త్సుబమె, కోసం అడవికి వెళ్లక్కర్లేదు. రైల్వే స్టేషన్ చూరు కింద, దుకాణాల ముందు చూడండి. కింద తెల్లటి రెట్ట కనిపిస్తే పైన గూడు ఉన్నట్టే. గుడ్లు, పిల్లలు ఉన్న గూటిని కదపడం చట్టరీత్యా నేరం, ఫోటో కోసం దగ్గరికి వెళ్లి నిలబడకండి.

రిష్షున్ నుంచి 88వ రోజు హచిజూహచియ, తేయాకు మొదటి కోతకి గుర్తు. లెక్కలో అందరూ ఒక రోజు తప్పుతారు, రిష్షున్‌ను 1గా లెక్కపెట్టాలి, మర్నాటి నుంచి కాదు. లీపు సంవత్సరం కాకుండా ఫిబ్రవరి 4 రిష్షున్ అయితే మే 2 రావాలి. 3న వచ్చిన 2025లో మే 1 వచ్చింది. మీకు మే 3 వచ్చిందంటే ఎక్కడో ఒకటి ఎక్కువ కలిపారు.

9. ఫలితం సరిచూసుకోవడం

మే మొదటివారంలో నోట్‌బుక్ తీసి, 18 కోల పక్కన మీరు చూసిన తేదీ రాసి, తేడాను రోజుల్లో వేయండి. ముందు వస్తే మైనస్, ఆలస్యమైతే ప్లస్. సకురా, ఉమె తేదీలను వాతావరణ సంస్థ మీ ఊరికి ప్రకటించిన తేదీతో పోల్చండి. మీది పది రోజులు ముందుంటే చెట్టు జాతి తప్పుపట్టి ఉంటారు, కవజుజకురా అయ్యుంటుంది. రెండు మూడు రోజుల తేడా మామూలే, ఎండ తగిలే గోడ పక్క చెట్టు ముందే పూస్తుంది.

పిట్టలకి మాత్రం అధికారిక తేదీ దొరకదు. 1953 నుంచి వాతావరణ సంస్థ ఉగుయిసు మొదటి కూత, వానకోయిల రాక లాంటివి దేశమంతా నమోదు చేసేది. 2021 నుంచి జంతువులన్నిటినీ ఆపేసి, మొక్కల్ని ఆరు రకాలకి తగ్గించింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. తర్వాత జాతీయ పర్యావరణ అధ్యయన సంస్థ మామూలు జనం పరిశీలనలతో ఆ పనిని కొనసాగించే ప్రయత్నం మొదలుపెట్టింది. మీరు రాసుకునే తేదీలకి విలువ పెరిగింది అందుకే. వాటిని సాగదీసి కోకి సరిపెట్టకండి, ఉగుయిసు మార్చి 2న వినిపిస్తే మార్చి 2 అనే ఉంచండి.

జపాన్‌లో లేనివాళ్లు, విజయవాడలోనో వరంగల్‌లోనో ఉండి ఇది చేయొచ్చా అని అడుగుతున్నారు. సెక్కి తేదీలు అవే వాడండి, సూర్యుడు అందరికీ ఒకటే. లోపలి విషయాలు మాత్రం మార్చుకోండి, షున్‌కై చైనా జాబితాకి చేసింది అదే. ఉసుయి దగ్గర మోదుగ పూత, మామిడి పూత పిందె కట్టడం, షున్‌బున్ దగ్గర వేప పువ్వు, కోయిల కూత, ఇలా మీ వీధిలో నిజంగా కనిపించినవే రాయండి. మొదటి ఏడు సగం గళ్లు ఖాళీగా ఉంటే ఉండనివ్వండి, రెండో ఏడు ఏ వారం ఎక్కడ చూడాలో తెలుస్తుంది, అప్పుడు నింపుకోవచ్చు.